వంతెన మీద ఢావ్లో

బస్సు కదిలింది, ఇక దిగడానికి లేదు అని అనుకున్నానో లేదో గుండె లేచి గొంతులో కూర్చుంది. దిగడానికి ఎందుకు లేదు, పాల్వంచలో దిగొచ్చు, పెద్దమ్మ గుడి దగ్గర దిగొచ్చు, మొండికుంటలో దిగొచ్చు, కండక్టరును బతిమాలితే నట్టడివిలోనైనా ఆపుతాడు, కాకపోతే నలుగురి ముందు ఓ మాట అంటాడు. ఎక్కడికి పోయినా దిగే చోట్లు ముందే చూసిపెట్టుకోవడం నాకు నాలుగేళ్ళ అలవాటు. సినిమాకు పోతే తలుపు పక్క కుర్చీ, పెళ్ళికి పోతే పందిరి చివర. బడిలో కూడా నా కుర్చీ గుమ్మంలోనే వేసుకుంటాను, టీచరమ్మకు గాలి కావాలేమో అనుకుంటారు పిల్లలు. ఈ రోజు మాత్రం కిటికీ వైపు కూర్చున్నాను. నాకూ నడవకూ మధ్య ఒక ముసలాయన, ఆయన ఒళ్ళో ఒక మేకపిల్ల. కావాలంటే ఇద్దరినీ దాటుకొని దిగాలి. ఇది చాంది, అంటే నేను, చేసే పని కాదు, మంగ్లి చేసే పని, ఆమె సంగతి తర్వాత చెప్తాను. మంగ్లి అయితే గుమ్మం వెతుక్కోదు, కిటికీ వెతుక్కుంటుంది. కొత్తగూడెం బస్టాండు వెనక్కి పోతున్నది, మోటార్ సైకిల్ మీద నన్ను ఇక్కడిదాకా దింపిన మా అన్న బిచ్యా ఇంకా అక్కడే నిలబడి బస్సు వైపే చూస్తున్నాడు. "నేనొస్త చెల్లె, బండి ఈడ పెట్టి నీతోటి వస్త, ఏముంది," అన్నాడు పాపం. వద్దన్నాను. వద్దన్న నోటిని ఇప్పుడు నాలుగు తన్నాలనిపిస్తున్నది.

ఎందుకు పోతున్నానో చెప్పుకుంటూ ఉండాలి, లేకపోతే మధ్యలో దిగిపోతాను. లాలు కోసం పోతున్నాను. లాలు నా మొగుడు. తండాలో మొగుడి పేరు నోటితో అనకూడదు, మనసులో అంటే ఎవరికి వినపడుతుంది, అందుకని మనసులో రోజంతా అంటూనే ఉంటాను. భద్రాచలం డిపోలో మెకానిక్. చూడండి నా రాత, ఆయన చేతులు బస్సులు బాగుచేస్తాయి, నాకు బస్సు పేరెత్తితే చేతులు చల్లబడతాయి. పెళ్ళయిన ఏడాది ఆయన గోదావరి అవతల రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకున్నాడు, ఇద్దరికీ కలిపి. పొయ్యి గట్టు నా ఎత్తు చూసి కట్టించాడు, తన ఎత్తుకు కాదు. ఆ ఇంట్లో నేను ఒక్క పూట వండలేదు. కారేపల్లి పక్క తండాలో యాడి దగ్గరే ఉండిపోయాను, యాడి అంటే మా అమ్మ, పూలి. అక్కడినుంచి పక్క ఊరి బడికి నడిచిపోయి, నడిచివచ్చి, శనివారం వస్తే లాలు కోసం చూసి, ఆదివారం ఆయన పోతుంటే ఏడ్చి, ఇట్లాగే నడిచింది సంసారం. పోయిన ఆదివారం ఆయన బూట్లు వేసుకొని గడపలో ఆగాడు. "అలిసిపోయిన చాంది," అన్నాడు. "కోపం లేదు నీ మీద. అలిసిపోయిన, గంతే. ఇంక నేను రాను. సోమవారం ఇంటాయనకు తాళం ఇచ్చేస్త. వస్తనంటే గా లోపల రా." రేపే సోమవారం. తాళం పోతే ఇల్లు పోతుంది, ఇల్లు పోతే మేమిద్దరం పోతాం. ఈ మాట ఆయనా అనలేదు, నేనూ అనలేదు, ఇద్దరికీ తెలుసు.

పాల్వంచ పొగగొట్టాలు కనబడుతున్నాయి. నాలుక తడి ఆరిపోయింది. ఇక మొదలవుతుంది, నాకు తెలుసు దీని పద్ధతి, ముందు నాలుక, తర్వాత అరిచేతులు, తర్వాత గాలి చాలకపోవడం, తర్వాత చచ్చిపోతున్నానన్న మాట. మొదటిసారి వచ్చింది గోదావరి వంతెన మీదనే. కొత్త కాపురానికి పోతున్నాం, వంతెన మీద బళ్ళన్నీ ఆగిపోయాయి, ముందుకు లేదు వెనక్కు లేదు, కింద నిండు గోదావరి. ఉన్నట్టుండి నా గుండె నాది కాకుండా పోయింది. లాలు నన్ను చేతుల మీద ఎత్తుకొని దవాఖానాకు పరుగెత్తాడు. డాక్టరు గొట్టం పెట్టి చూసి, గుండె భేషుగ్గా ఉందమ్మా, నీకేం లేదు, ఇంటికి పో అన్నాడు. ఏం లేదంటే అంతకంటే భయం. ఏదో ఒకటి ఉందంటే మందు వేసుకునేదాన్ని. ఆ తర్వాత ప్రతి బస్సులో అది నాకంటే ముందే ఎక్కి కూర్చునేది. బస్సు నుంచి అంగడికి, అంగడి నుంచి ఇంటికి వచ్చింది, ఇంట్లో ఒంటరిగా ఉన్నా వచ్చేది. బలం సూదులయ్యాయి, తాయెత్తులయ్యాయి, మేకను కోయడమూ అయింది. మేక మాట తలుచుకోగానే పక్కనున్న మేకపిల్ల నా వైపు చూసింది. నిన్ను కాదులే తల్లీ.

అది నా చీర కొంగు నములుతున్నది. చాంది అయితే ఇంతసేపూ చూసేదే కాదు, తన గుండె లెక్కపెట్టుకుంటూ కూర్చునేది. మంగ్లి చూస్తుంది. మంగ్లి అనే మనిషి ఎక్కడా లేదు, నేనూ పద్మావతమ్మ మేడమూ కూర్చొని తయారుచేశాం. మేడమ్ ఖమ్మంలో కాలేజీ పిల్లలకు మనస్తత్వ శాస్త్రం చెప్పి చెప్పి, అది మానుకొని, తమ్ముడి ఎరువుల దుకాణం పైగదిలో నాలాంటివాళ్ళతో మాట్లాడుతూ ఉంటుంది. వాళ్ళ తాతల నాడు కృష్ణా జిల్లా నుంచి వచ్చి మధిర పక్కన భూములు కొన్నారట, మాటలో ఆ తీపి ఇంకా పోలేదు. నేను అన్న మోటార్ సైకిల్ వెనక కూర్చొని పోయేదాన్ని. గదిలో ఎప్పుడూ కింది యూరియా వాసన. "నేను మందులిచ్చే డాక్టర్ని కాదమ్మాయ్," అంది మొదటి రోజే. "సూది పొడవను. మాట్లాడతాను, అంతే. అదీ నువ్వే ఎక్కువ మాట్లాడాలి." నేను నా భయం సంగతి మొదలుపెట్టబోతే ఆపింది. "నీ సంగతి నువ్వు చెప్పకు. నీ మీద ప్రేమ ఉండి, నీ లోపల బయట తెలిసిన మనిషి ఎవరు?" మా బడిలో అన్నం వండే జంపక్క అన్నాను. "అయితే జంపక్కవై చెప్పు. ఈ చాంది ఎలాంటి మనిషి?" నాకు నవ్వొచ్చింది, కానీ జంపక్క గొంతు పెట్టి చెప్పాను, "చాందా, బంగారం అసొంటి పిల్ల, పిల్లలను ఒక్క దెబ్బ కొట్టదు. గానీ పక్కన ఒక మనిషి లేకుంటే అడుగు తీసి అడుగెయ్యది. నా బిడ్డ కంటె నాకు గీమె ఫికరే ఎక్కువ." చెప్పిన తర్వాత ఏడుపొచ్చింది. నా గురించి నేను ఎన్నడూ అంత దయగా చెప్పుకోలేదు.

ఇంకోసారి బల్ల మీద గింజలు పోసింది, చింతగింజ, ఆముదం గింజ, సీతాఫలం గింజ. "ఇది మీ అమ్మ, ఇది మీ ఆయన, ఇది జంపక్క. ముగ్గురిలో ఏ ఇద్దరు ఒక తీరు? మూడో మనిషి ఎందులో వేరు?" చెప్పాను. మనుషులను మార్చింది, మళ్ళీ అడిగింది, మా నాన్న, మా హెడ్మాస్టరు, మా అత్త జమ్లి, హాస్టల్లో నా స్నేహితురాలు, అందరూ గింజలై వచ్చి బల్ల మీద కూర్చున్నారు. ఎన్నిసార్లు మార్చినా నా నోట ఒకటే వచ్చేది, వీళ్ళిద్దరూ పట్టుకునేవాళ్ళు, వాడు వదిలేసేవాడు. మేడమ్ కళ్ళద్దాలు తీసి నవ్వింది. "ఇన్ని రకాల మనుషులున్న లోకంలో నీ దగ్గర రెండే గంపలున్నాయేమిటమ్మాయ్? ఈ రెండు గంపలతో సంసారం ఎలా చేస్తున్నావు?" నేనూ నవ్వాను. "మీ ఆయన నీ చెయ్యి పట్టుకుంటే ఏ గంపలో పడతాడు?" "పట్టుకునే గంపల." "పట్టుకోకపోతే?" "వదిలేసే గంపల." "మరి పట్టుకున్నప్పుడు నువ్వెవరు?" చెప్పాను. "పసిపిల్లను మేడమ్. పెండ్లాన్ని కాదు." ఆ గంపలు నేను అల్లుకున్నవే అని, అల్లిన చేతులే ఇంకో గంప అల్లగలవని ఆవిడ అంది. అది ఎట్లా ఉంటుందో మాత్రం చెప్పలేదు. నాకేం తెలుసు, నీ వెదురు నీది అంది.

పెద్దమ్మ గుడి. డ్రైవరు ఆపి దండం పెట్టుకున్నాడు, ఎవరో కొబ్బరికాయ కొట్టారు, ఒక ముక్క మా వైపు కూడా వచ్చింది. దిగొచ్చు. ఇక్కడ దిగితే అన్న ఇంకా కొత్తగూడెంలోనే టీ తాగుతూ ఉంటాడు, తిరుగు బస్సులో పోయి పట్టుకోవచ్చు. కాళ్ళు సీటు కింద చెప్పులు వెతుక్కుంటున్నాయి, నేను చెప్పకుండానే. మంగ్లీ, ఎక్కడున్నావే. మంగ్లి ముసలాయన వైపు తిరిగింది. "ఏడికి తాతా, మేకపిల్లను పట్టుకొని?" అడిగింది. గొంతు వణికింది గానీ అడిగింది. తాత పేరు పగిడయ్య అట, చిన్న బిడ్డ కాన్పయింది, మనవడికని తీసుకుపోతున్నాడు. "కండక్టరు దీనికి గూడ టికెట్ కొడత అన్నడు బిడ్డా. కొట్టు, గానీ సీటియ్యాలె మల్ల, ఒళ్ళో కూసోదు అన్న. గప్పుడు సప్పుడు జెయ్యలే." నాకు నవ్వొచ్చింది. నవ్వు వచ్చినప్పుడు గాలి లోపలికి పోయింది. బస్సు కదిలింది, నేను దిగలేదు.

మంగ్లి ధైర్యవంతురాలు అనుకునేరు. కాదు. నేనూ మొదట అట్లాగే అనుకొని, భయం లేని మనిషిని తయారుచేయమని అడిగాను. "అలాంటి మనిషి నీ ఒంటికి పట్టదు, పక్కింటి చొక్కా తొడుక్కున్నట్టుంటుంది," అంది మేడమ్. "మంగ్లికి భయం ఉండనీ. కాకపోతే దానికి కుతూహలం ఎక్కువ. తన గుండె ఎలా కొట్టుకుంటున్నదో చూసుకోవడం కంటే పక్కవాడి కథేమిటో తెలుసుకోవడం దానికి ఇష్టం. రెండు వారాలు మంగ్లిలా లేస్తావు, మంగ్లిలా తింటావు, మంగ్లిలా మీ ఆయనతో మాట్లాడతావు. చాంది సెలవు మీద పోయిందనుకో." నాకు ఒళ్ళు మండింది. అది నాటకం మేడమ్, దొంగతనం, నేను అట్లాంటి మనిషిని కాదు అన్నాను. అప్పుడే మాటల్లో నా పెళ్ళి సంగతి బయటపడింది.

మా తండాలో పెళ్ళికూతురు ఏడుపు నేర్చుకోవాలి. దాన్ని ఢావ్లో అంటారు. పుట్టింటినీ, కన్నవాళ్ళనూ, ఆడుకున్న చెట్టునూ పుట్టనూ పేరు పేరునా పిలిచి, రాగం తీసి ఏడుస్తూ సెలవు తీసుకోవాలి. పెళ్ళికి ముందు నెల్లాళ్ళు ముసలమ్మలు కూర్చోబెట్టి నేర్పుతారు, గొంతు ఎక్కడ లేపాలి, ఎక్కడ ఎవరి మెడ పట్టుకోవాలి, అంతా. నేను హాస్టల్లో చదివిన పిల్లను, నాకు అది సిగ్గనిపించింది. ఏడుపు రాకుండా ఏడవడమేంది, దొంగ ఏడుపు నాకొద్దు అన్నాను. యాడి బతిమాలింది, తిట్టింది, చివరికి ఊరుకుంది. సాగనంపే రోజు మా ఆచారం ప్రకారం అలంకరించిన ఎద్దు మీద నన్ను నిలబెట్టారు, తండా అంతా నా నోటి వైపు చూస్తున్నది, నేను గుడ్లప్పగించి నిలబడ్డాను. ఒక్క మాట రాలేదు. ఆడవాళ్ళు మొహాలు చూసుకున్నారు. నా బదులు యాడి ఏడ్చింది, తన పెళ్ళినాటి ఢావ్లో మళ్ళీ పాడింది. ఏడవకుండా పోయిన పిల్ల ఎక్కడికీ పోనట్టే, సగం ఇక్కడే ఉండిపోతుంది అని తండాలో ఇప్పటికీ అంటారు. వంతెన మీద నాకు జబ్బు చేసిందని తెలియగానే అందరూ తలలూపారు, చూశారా అని. నేను నవ్వి కొట్టేశాను గానీ లోపల నమ్మాను. బీయీడీ చదివి నమ్మాను.

మేడమ్ ఇదంతా విని తప్పనీ అనలేదు, ఒప్పనీ అనలేదు. "నేర్చుకున్న ఏడుపు దొంగ ఏడుపేనా?" అని మాత్రం అడిగింది. యాడి చెప్పిన మాట గుర్తొచ్చింది నాకు, చెప్పాను. "మొదట దొంగదే మేడమ్. మా యాడి అంటది, మొదలు పాట ఏడుస్తది, ఎనక నువ్వు ఏడుస్తవ్, పాటే నిన్ను పట్టుకపోయి నిజం ఏడుపు కాడ దించుతది అని." మేడమ్ కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చుంది. నాకు నేనే అనుకున్నాను, ఏడుపు నేర్చుకోవచ్చైతే ఇది మాత్రం ఎందుకు నేర్చుకోకూడదు, అని. మరుసటి రోజు పొద్దున మంగ్లి లేచింది. కిరాణా కొట్టాయనను మోకాలు నొప్పి ఎట్లా ఉందని అడిగింది, ఆయన బిత్తరపోయి బెల్లం కొంచెం ఎక్కువే తూచాడు. శనివారం లాలు వస్తే ఆయన చెయ్యి పట్టుకొని నా గుండె చూడు అనలేదు, "మీ డిపోల ఈ వారం ఏ బస్సు సతాయించింది?" అని అడిగింది. పాపం ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేసి నన్ను చూశాడు. పెళ్ళయినప్పటినుంచి ఆయన పని గురించి నేను ఒక్క మాట అడగలేదని అప్పుడు తెలిసింది. ఎంత మాట్లాడాడో ఆ పూట, గేర్ బాక్సుల గురించి, పిస్టన్ల గురించి, నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు, కానీ ఆయన మొహం చూస్తూ కూర్చున్నాను. అంత బాగుంటుందని తెలియదు. రెండు వారాలూ గడిచాయి, మంగ్లి పోయింది, చాంది సెలవు నుంచి తిరిగి వచ్చింది, ఇక నీకు నచ్చినవి ఉంచుకో, మిగతావి పారెయ్ అంది మేడమ్. బస్సు మాత్రం ఎక్కలేదు. రేపు ఎక్కుతాను, రేపు ఎక్కుతాను అంటుండగానే లాలు అలిసిపోయాడు.

బూర్గంపాడు అడ్డరోడ్డు దాటింది. తునికాకు కట్టలు ఎండబెట్టిన కల్లాలు, టేకు చెట్ల కింద రాలిన పెద్ద పెద్ద ఆకులు, ఎండ. లాలు ఏ గంపలో ఉన్నాడిప్పుడు? ఇంక నేను రాను అన్నాడు కనుక వదిలేసే గంపలో, పోయిన ఆదివారం నుంచీ అందులోనే ఉన్నాడు, నేనే పడేశాను. కానీ నాలుగేళ్ళుగా కిరాయి కడుతూ ఉన్నాడే. తను డిపో పక్కన నలుగురితో కలిసి ఒక గదిలో పడుకోగలడు, అయినా నా ఎత్తుకు కట్టించిన పొయ్యి గట్టు ముందు నడుము వంచి వండుకున్నాడే. ఈ మనిషి పట్టుకున్నవాడా? చెయ్యి ఇక్కడ లేదు కదా. వదిలేసినవాడా? పొయ్యి గట్టు అక్కడ ఉంది కదా. అయ్యో, ఆయన ఎదురుచూస్తున్నాడు. పట్టుకునేవాడు కాదు, వదిలేసేవాడు కాదు, ఎదురుచూసేవాడు. మేడమ్, దొరికింది, మూడో గంప దొరికింది, అని బస్సులో గట్టిగా అరిచేదాన్ని, తాత చూస్తాడని ఆగాను. ఎదురుచూసేవాడి దగ్గరికి పోవాలంటే మన కాళ్ళతోనే పోవాలి, ఎవరో చెయ్యి పట్టుకొని తీసుకుపోతే వాడు ఎదురుచూసినందుకు ఫలితమేముంది. నా కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు, సంతోషంగా ఉంది. గుండె కొట్టుకుంటూనే ఉంది, కొట్టుకోనీ, దాని పని అది.

సారపాక దాటుతుండగానే పగిడయ్య తాత మేకపిల్లను ఛాతీకి హత్తుకొని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఏమైందన్నాను. "వంతెన బిడ్డా. గోదారికి పెద్ద నీళ్ళొచ్చిన ఏడు మా ఇల్లు ఇల్లే కొట్టుకపోయింది. అప్పటిసంది వంతెన మీద కండ్లు తెరువ. ఎవలకు చెప్పలే, నవ్వుతరని. అయిపోయినంక నువ్వు చెప్పు." ఈ బస్సులో వంతెన అంటే భయపడేది నేనొక్కదాన్నే అనుకున్నాను. ఈ లోకంలోనే నేనొక్కదాన్నే అనుకున్నాను. చెప్తలే తాతా, అన్నాను, అని వంతెన వైపు చూశాను. పొడుగ్గా ఉంది. కింద ఎండాకాలం గోదావరి, ఇసుక మేటల మధ్య సన్నబడి పారుతున్నది. బస్సు వంతెన ఎక్కింది. నడిమధ్యకు వచ్చింది. రెండుసార్లు దగ్గింది, ఒకసారి ఊగింది, ఆగిపోయింది.

నవ్వుతున్నారా, నేనూ ఇప్పుడైతే నవ్వుతాను. ఆ నిమిషం మాత్రం ఒళ్ళంతా చల్లబడింది. అదే వంతెన, అదే నడిమధ్య, ముందుకు లేదు వెనక్కు లేదు. డ్రైవరు దిగి బానెట్ ఎత్తాడు, పొగ లేచింది. కండక్టరు లోపలికి తల పెట్టి చెప్పాడు. "పంపు పోయింది. డిపోకు కబురు పంపినం. మెకానిక్ వచ్చేదాక ఆగాలె, జల్దీ పోయేటోళ్ళుంటే నడుసుకుంట పోండి." అరిచేతులు తడిశాయి. చూపు అంచుల్లో మసక కమ్మింది. వచ్చేసింది అది, తన ఊరికి తను వచ్చినట్టు వచ్చింది. మంగ్లీ అన్నాను. మంగ్లి పలకలేదు. ఇంకోసారి పిలవబోయి ఆగాను. మంగ్లి ఏం చేస్తుందో నాకు తెలుసు కదా, తెలిసిన తర్వాత ఆమెతో పనేమిటి. ఆమె నాకు నేర్పినది నా దగ్గరే ఉంది. "తాతా, వంతెన ఇంకా అయిపోలే, కండ్లు తెరువకు," అని చెప్పి, మేకపిల్ల నోట్లోంచి నా కొంగు లాక్కొని, ఇద్దరినీ దాటుకొని, బస్సు దిగాను. దిగినది చాంది. కారేపల్లి తండా పూలి బిడ్డ చాంది.

కాలికింద వంతెన నిలకడగా ఉంది. నాలుగేళ్ళుగా ఇది ఊగుతుందనుకున్నాను. నడిచాను. భయం నాతోపాటే నడుస్తున్నది, కాళ్ళు వణుకుతున్నాయి, వణుకుతూనే నడుస్తున్నాయి, వణికే కాళ్ళు కూడా నడుస్తాయని నాకు ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. కుడివైపు రామాలయం గోపురం, కింద రేవులో బట్టలు ఉతుకుతున్న ఆడవాళ్ళు, గాలి. గాలి ఎంత ఉంది ఇక్కడ, చాలదనుకున్న గాలి. అప్పుడు నాకు అర్థమైంది, నేను విడవలేకపోయింది యాడి ఇంటిని కాదు. విడవనిది దీన్ని. నాలుగేళ్ళు ఈ భయమే నాకు పుట్టిల్లు. అది నన్ను గడప దాటనివ్వలేదు, నిజమే, కానీ నన్ను దాచింది కూడా, ఎవరేమడిగినా దాని వెనక నిలబడ్డాను, పని రాకపోతే దాని పేరు చెప్పాను, మొగుడి మీద కోపమొస్తే దాని కొంగు చాటుకు పోయాను. ఇంత కాలం నన్ను పెంచిన దానికి మాట చెప్పకుండా ఎట్లా పోతాను. గొంతు దానంతట అదే లేచింది. యాడి నేర్పబోయిన రాగం, నేను నేర్చుకోనన్న రాగం, నాకు తెలియకుండానే నా గొంతులో ఉండిపోయింది. మొదట పాట ఏడ్చింది. మా భాషలో పాడాను, తెలుగులో చెప్తే ఇట్లా ఉంటుంది.

నాలుగేండ్లు నన్ను ఒళ్ళో దాచుకున్న యాడీ, నా భయమా, నీ కొంగు ఇడుస్తున్న. బస్సు ఎక్కుతుంటే కాళ్ళకు అడ్డం పడ్డ యాడీ, నీ మీద కోపం లేదు. నీ గడప పెద్దది, నీ ఇల్లు చీకటిది, నా మొగుని ఇంట్ల పొయ్యి గట్టు నా ఎత్తున్నది. నేను పోతున్న యాడీ, నా ఎనక రాకు, ఏడ్వకు, నేనే ఏడుస్త.

ఎనక నేను ఏడ్చాను. రాగం తీసి, గొంతు ఎక్కడ లేపాలో అక్కడ లేపి, పట్టుకోవడానికి ఎవరి మెడా లేక వంతెన పిట్టగోడ పట్టుకొని, తండా అంతా చూడాలనుకున్న ఏడుపు గోదావరి నడిమధ్యన ఏడ్చాను. నడిచిపోతున్నవాళ్ళు తప్పుకొని పోయారు. ఒకావిడ ఎవరు పోయారమ్మా అని అడిగింది. ఎవలూ పోలేదమ్మా, నేనే పోతున్న, అన్నాను. చెప్పి నవ్వాను. ఏడుస్తూ నవ్వడం ఢావ్లోలో లేదు, అది నేను కలిపింది. కళ్ళు తుడుచుకొని చూస్తే భద్రాచలం వైపు నుంచి ఖాకీ చొక్కా, నూనె మరకల చేతులు, భుజాన పనిముట్ల సంచి, లాలు వస్తున్నాడు. కబురు డిపోకు పోయింది కదా, ఆదివారం డ్యూటీ ఆయనదే అయింది. బస్సు కోసం వచ్చాడు. నన్ను చూసి ఆగిపోయాడు. నా వెనక చూశాడు, పక్కన చూశాడు, బిచ్యా కోసం, యాడి కోసం. ఎవరూ లేరు.

"ఎవలతోటి వచ్చినవ్?" అన్నాడు.

"ఎవలతోటి రాలే."

సంచి కింద పడేసి రెండు అడుగుల్లో నా దగ్గరికి వచ్చి, అలవాటు ప్రకారం నా చెయ్యి అందుకోబోయాడు. నాకు ఆ చెయ్యి ఎంత ఇష్టమో చెప్పలేను. రాత్రికి పట్టుకుంటాను, రేపు పట్టుకుంటాను, ముసలిదాన్నయ్యేదాకా పట్టుకుంటాను. ఇప్పుడు కాదు. ఒక అడుగు వెనక్కు వేసి నా అరచెయ్యి చాపాను.

"తాళం ఇయ్యి."

ఆయనకు అర్థం కాలేదు. తర్వాత అయింది. జేబులో చెయ్యి పెట్టి వెతికాడు. తాళం తీసి నా చేతిలో పెట్టాడు, ఆయన ఒంటి వేడికి వెచ్చగా ఉంది, కొంచెం గ్రీజు అంటుకొని ఉంది.

"బస్సు చూస్కో పో," అన్నాను. "పంపు పోయిందంట. కిటికీ తట్టు సీటు పక్కన పగిడయ్య తాత కండ్లు మూస్కోని కూసున్నడు, వంతెన దాటినంక ఆయనకు చెప్పు, నేను చెప్తనని మాటిచ్చిన. జల్దీ రా, అన్నం వండుత."

ఇల్లు ఏ సందులో ఉందో నాకు సరిగ్గా తెలియదు. అడుక్కుంటూ పోతాను, ఊరంతా నోరుంది, నాకూ ఉంది. తాళం పిడికిట్లో పెట్టుకొని మిగిలిన వంతెన నడిచాను.